అక్క పేరు మీద

డైరెక్టరు గదిలో ప్రింటరు ఒక్క కాగితమే బయటికి తోసింది. దాన్ని తీసి విచారణాధికారి చేతిలో పెట్టినవాడు కేబులే. ఎవరో బలవంతం చేసి ఇప్పించలేదు. అడిగారు, ఇచ్చాడు. అడిగిన కాగితం అడిగినంత వేగంగా ఇవ్వడం తప్ప అతనికి ఆ ఆఫీసులో వేరే గొప్ప ఏముంది కనుక!

అతని అసలు పేరు కాంట్రాక్టు కాగితంలో తప్ప ఆ నీటిపరీక్షల ల్యాబులో ఎక్కడా వినపడదు. చేరిన మొదటిరోజు నీలం రంగు వైరు చుట్ట మెడలో వేసుకుని నాలుగు అంతస్తులూ ఎక్కి దిగాడు. ఆ రోజు నుంచీ అందరికీ కేబులే. కంప్యూటరు మూలిగినా, మౌసు కదలకపోయినా, చివరికి ఫ్యాను తిరగకపోయినా "ఒరే కేబులూ" అని ఓ కేక పడుతుంది.

విచారణాధికారి పైఆఫీసు నుంచి వచ్చిన మనిషి. మాట మెత్తన, చూపు మాత్రం సూదిమొన. కళ్లజోడు పైకి తోసుకుని కాగితం చదివింది.

"ఈ ఫైలు చివరిసారి ఎప్పుడు మారింది?"

"పదహారో తారీకు మేడమ్. పొద్దున పదకొండూ నలభైకి."

"ఎవరి పేరు మీద ఉంది?"

కేబులు వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఎర్రకలం తీసి ఆ పేరు కింద గీత గీసింది. కలం కాగితం మీద గరగరలాడింది. సరిగ్గా అప్పుడు, ఒక్క క్షణం ముందు కూడా కాదు, తను చేసిందేమిటో అతనికి తట్టింది.

ఆ ఫైలు ఒక కాలనీ నీళ్లట్యాంకు రిపోర్టు. పరీక్షలో క్రిముల లెక్క ముప్పై ఎనిమిది వచ్చింది. కెమిస్టు చేతిపుస్తకంలో ముప్పై ఎనిమిదే ఉంది. బయటికి వెళ్లిన రిపోర్టులో మాత్రం మూడు. మూడైతే తాగొచ్చు. తాగారు. అరవైమంది ఆస్పత్రి పాలయ్యారు, అందులో ఇద్దరికి ఇంకా సెలైన్లు ఎక్కుతున్నాయి.

"మన టైపిస్టు, టైపక్కా!" అన్నాడు డైరెక్టరు, కుర్చీలో వెనక్కి వాలి. "ఇరవై రెండేళ్ల సర్వీసు. నోట్లో నాలుక లేని మనిషి. నమ్మలేకపోతున్నాను."

"నమ్మకాలతో నాకు పనిలేదు సార్" అంది విచారణాధికారి. కేబులు వైపు తిరిగింది. "ఈ పేరు ఆవిడదేనా?"

"ఆవిడదే మేడమ్. కానీ..."

"కానీ ఏంటయ్యా?" డైరెక్టరు విసుక్కున్నాడు.

కేబులు కాంట్రాక్టు పొడిగింపు కాగితం అదే బల్ల మీద, అదే డైరెక్టరు మోచేతి కింద, ఒకటో తారీకు సంతకం కోసం ఎదురుచూస్తోంది. ఇవాళ సోమవారం, ఇరవై ఆరు.

"ఏం లేదు సార్" అన్నాడు కేబులు.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తులో ఆవిడే ఎదురైంది. టైపక్క. చేతిలో కెమిస్టుల పుస్తకాలు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు. "ఏమడిగారు తమ్ముడూ? నీ మొహమేంటి అలా వాడిపోయింది? టీ తాగావా అసలు?" అంది. తాగానక్కా అని అబద్ధమాడి గబగబా కిందికి దిగిపోయాడు.

అందరి ఫైళ్లూ దాచే పెద్ద కంప్యూటరు, సర్వరు, ఉండేది మెట్ల కింద గదిలో. ఒకప్పుడు చీపుర్లు పెట్టుకునేవాళ్లు అక్కడ. ఇప్పుడు ఓ నల్లపెట్టె, దాని మీద ఆరకుండా మిణికే ఆకుపచ్చ దీపాలు, వెన్నులోంచి వణుకు పుట్టించే ఏసీ. కిటికీ లేదు. తలుపేసుకుంటే పగలో సాయంత్రమో తెలియదు. కేబులు తలుపేసుకున్నాడు.

సెట్టింగుల ఫైలు తెరిచి తెర మీద వరసలు దాటుకుంటూ కిందికి దిగాడు. వెతకక్కర్లేదు. ఆ వరస ఎక్కడుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఏ కంప్యూటరు నుంచి ఎవరు ఏ ఫైలు సేవ్ చేసినా దాని యజమానిగా ఫలానా మనిషి పేరే వెయ్యి, అని సర్వరుకు చెప్పే వరస. ఫలానా చోట అక్క పేరు. దాని పైన తన రాతే, తారీకుతో సహా: తాత్కాలికం.

తాత్కాలికానికి నాలుగేళ్లు నిండాయి.

ఇందులో దొంగతనమేమీ లేదు, బద్ధకం ఉంది. పైఅంతస్తుల్లో పదకొండు మంది కూర్చునేది విండోస్ కంప్యూటర్ల ముందు. వాళ్ల లెక్కలో ఫైలంటే బల్ల మీద పుస్తకం, ఎవరైనా తీసి రాసుకోవచ్చు. కింద సర్వరుది యూనిక్స్ అనే ఇంకో వ్యవస్థ బుద్ధి. దాని దగ్గర ప్రతి ఫైలుకూ ఓ యజమాని ఉంటాడు, ఓ జట్టు ఉంటుంది, మిగిలినవాళ్లంతా పరాయివాళ్లు. ప్రత్యేకించి చెప్పకపోతే కొత్త ఫైలులో యజమాని రాయొచ్చు, మిగతావాళ్లు చూసి ఆనందించొచ్చు. అక్క టైపు చేసిన రిపోర్టును కెమిస్టులు తెరవగలిగేవాళ్లు, దిద్దలేకపోయేవాళ్లు. దిద్దడానికి అక్కనే పిలిచేవాళ్లు. రోజుకు ఇరవైసార్లు నాలుగంతస్తులు ఎక్కలేక మోకాళ్లు పట్టుకుపోతున్నాయి తమ్ముడూ, ఏదన్నా చూడు, అని అడిగింది ఆవిడ. సరైన పద్ధతికి వారం పడుతుంది. అందరినీ ఓ జట్టు కట్టి, కొత్తగా పుట్టే ప్రతి ఫైలులో జట్టు మొత్తం రాసుకునేలా, ఎవరు రాస్తే వాళ్ల పేరే పడేలా చెయ్యాలి. ఈ ఒక్క వరసకు పట్టింది పది నిమిషాలు. అప్పటికి ఉన్న ఫైళ్లన్నీ అక్కవే కాబట్టి అక్క పేరే పెట్టాడు. అంతా హాయిగా తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం ఆవిడ సంబరపడి, నువ్వు నా సొంత తమ్ముడివిరా అంది.

ఇప్పుడు తన కంప్యూటరు నుంచి ఓ ఖాళీ ఫైలు సేవ్ చేశాడు. సర్వరు జాబితాలో చూశాడు. అక్క పేరు. చెరిపేసి మళ్లీ చేశాడు. అక్క పేరే. మూడోసారి కూడా చేశాడు, అదేదో మూడోసారికి మనసు మార్చుకుంటుందని కాబోలు.

ఎవరు ఏ కంప్యూటరు నుంచి వచ్చారో రాసే చిట్టా ఒకటుంది. చోటు చాలక వారం రోజులకొకసారి చెరిగిపోయేలా పెట్టింది కూడా తనే. పదహారో తారీకు ఎప్పుడో చెరిగిపోయింది.

మర్నాడు అక్కను పిలిచారు. గంటన్నర తర్వాత బయటికి వచ్చింది. తన బల్ల దగ్గర కూర్చుని కళ్లజోడు తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్లీ తీసి తుడుచుకుంది. అప్పటికే మౌసు బాగుచేసే నెపంతో కేబులు ఆ అంతస్తులోనే తచ్చాడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడిలా.

"నేను ముప్పై ఎనిమిదే కొట్టాను తమ్ముడూ" అంది ఆవిడ, పిలవకుండానే. "నాకెందుకు గుర్తంటే, ముందు ఎనభై మూడు కొట్టాను. నాకలా అంకెలు తిరగబడతాయి అప్పుడప్పుడూ. చూసుకుని దిద్దాను. దిద్దింది గుర్తుంటుంది కదా మనిషికి? అప్పుడు టైము పదో, పదీ పదో. పదకొండూ నలభైకి నేను కింద స్టోర్లో కాగితం రీములు లెక్కపెట్టించుకుంటున్నాను. స్టోరు మనిషికి గుర్తులేదంట."

"ఊఁ" అన్నాడు కేబులు.

"మరి నా పేరెలా పడింది అందులో? నువ్వు కంప్యూటరు మనిషివి కదా. అలా వస్తుందా ఎక్కడైనా?"

ఆవిడ అడిగిన తీరులో అనుమానం ఇసుమంత లేదు. అదే అతన్ని చంపేసింది. డాక్టర్ని అడిగినట్టు అడిగింది.

"చూస్తానక్కా."

"చూడు నాయనా. నీకు పుణ్యముంటుంది."

పక్క బల్ల నుంచి పెద్ద కెమిస్టు గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా నీళ్లు చూసి చూసి ఏ విషయాన్నైనా వడపోసినట్టు మాట్లాడతాడాయన. "చూడమ్మా, మనిషి పొరపడతాడు. కంప్యూటరు అబద్ధమాడదు కదా. ఏదో పొరపాటున జరిగిందని ఒప్పుకుంటే తేలిగ్గా పోతుంది."

"చెయ్యనిది ఎలా ఒప్పుకోమంటారు సార్?"

"నేననేదీ అదే. నీ మంచికే."

మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉంది, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. నిన్నటిదాకా ఆవిడ డబ్బాలో చేతులు పెట్టి తిన్నవాళ్లే, ఇవాళ కిటికీ దగ్గర నిలబడి తింటున్నారు, అక్కడేదో గాలి బాగా వస్తున్నట్టు. కేబులు వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆ కాస్త ధైర్యానికే తనంతటి మంచివాడు లేడనిపించింది ఓ పావుగంట. ఆవిడ సగం కూర అతని డబ్బా మూతలో వేసింది.

సాయంత్రం ఇంట్లో, వసారాలో తాడు మీంచి ఆరిన బట్టలు తీస్తూ భార్యకు చెప్పాడు. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. దేన్నైనా దగ్గరికి తెచ్చుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసే అలవాటు. ఓ చొక్కా మడతపెట్టి అడిగింది.

"నువ్వు చెప్తే ఆవిడ చెయ్యలేదని తేలిపోతుందా?"

"తేలదు. ఆవిడే చేసిందని చెప్పలేరు, అంతే."

"నువ్వు చెప్తే నీ కాంట్రాక్టు పోతుందా?"

"పోతుంది. పోవడమే కాదు, ఇంకెక్కడా రానివ్వరు. అరవైమంది ఆస్పత్రిలో పడ్డారు. ఎవడో ఒకడి మెడ కావాలి వాళ్లకి."

"ఒకటో తారీకు సంతకం పెడతారన్నావు కదా" అంది ఆమె, దువ్వెన పళ్లు లెక్కపెడుతున్నంత నెమ్మదిగా. "రెండో తారీకున చెప్పు."

"అప్పటికి ఆవిడ ఉద్యోగం పోయి బయటుంటుంది."

"పిలుచుకొస్తారు మళ్లీ. నాలుగు రోజులు. నాలుగు రోజులకి మనిషి చచ్చిపోదు." అనేసి, తనకే నచ్చనట్టు మొహం తిప్పుకుంది. ఇంకో చొక్కా అందుకుని, "నన్నెందుకు అడిగావసలు? నాకు చెప్పకుండా చేసుంటే నేను తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు నన్ను కూడా లాగావు ఇందులోకి" అంది.

నిజమే. అతను దానికోసమే చెప్పాడు. ఒక్కడూ మోయలేక.

బుధవారం మూడింటికి డైరెక్టరు ఓ చీటీ పంపాడు. చీటీ కాదు, ముద్ర వేసిన ఉత్తర్వు. విచారణ ముగిసేదాకా టైపిస్టును సస్పెండు చేయడమైనది. ఆమె కంప్యూటరు ఖాతాను నేటి సాయంత్రంలోగా సర్వరు నుంచి పూర్తిగా తొలగించవలెను. కింద కేబులుకు ఫోను కూడా వచ్చింది. "ఆవిడ ఒక్క ఫైలు కూడా ముట్టుకోకూడదయ్యా. ఏదో మూసి పెట్టడం కాదు, తీసెయ్. అర్థమైందా?"

"అర్థమైంది సార్."

అర్థమైంది కాబట్టే కుర్చీలో అలాగే ఉండిపోయాడు. అడకత్తెరలో పోకచెక్కంటే ఏమిటో ఎవరైనా చూడాలనుకుంటే ఆ సాయంత్రం ఆ మెట్ల కింద గదికి రావలసింది.

రెండు దారులున్నాయి. మొదటిది, ముందుగా ఆ వరసలో అక్క పేరు చెరిపి ఇంకేదైనా పేరు పెట్టి, ఉన్న ఫైళ్లన్నీ ఆ పేరుకు మార్చి, తర్వాత ఖాతా తీసెయ్యడం. పిట్టమనిషికి కూడా తెలియదు. రేపు పొద్దున ఆఫీసు మామూలుగా నడుస్తుంది, అక్క మాత్రం ఉండదు, తను ఉంటాడు. రెండోది, ఉత్తర్వులో ఏముందో అక్షరాలా అంతే చెయ్యడం. ఖాతా తియ్యడం, వరస ముట్టుకోకపోవడం. అప్పుడు రేపు పొద్దున సర్వరు వచ్చిన ప్రతి ఒక్కరినీ అక్క పేరు మీద లోపలికి పంపాలని చూస్తుంది. అక్క ఉండదు. ఎవరికీ తలుపు తెరవదు.

నోరు తెరిచి చెప్పడమనే మూడో దారి కూడా ఉంది. దాని గురించి అతను ఆలోచించలేదు. ఆలోచించలేదని అతను అనుకున్నాడు.

ఐదింటికి పైకి వెళ్లాడు. అక్క సొరుగులు ఖాళీ చేస్తోంది. ఇరవై రెండేళ్ల సామానంతా కలిపి ఓ గుడ్డసంచీ కూడా నిండలేదు. నడుముకు పెట్టుకునే చిన్న దిండు, అరిగిన చెక్క రూళ్లకర్ర, తలనొప్పి మాత్రలు, ఒక జత ఇంటి చెప్పులు. తాళాలు బల్ల మీద వరసగా పేర్చింది, ఏది ఏ బీరువాదో చిన్న చిన్న చీటీలు కట్టి. తర్వాత వచ్చేవాళ్లకు ఇబ్బంది కాకూడదట. పెద్ద కెమిస్టు పుస్తకంలోంచి తలెత్తలేదు.

"పోలీసు కేసు కూడా పెడతారంట తమ్ముడూ, అవసరమైతే" అంది. గొంతు మామూలుగానే ఉంది. సంచీ భుజానికి తగిలించుకుంది. "ఏమన్నా దొరికిందా నీకు?"

"ఇంకా చూస్తున్నానక్కా."

"సరే. వస్తాను మరి."

కిందికి దిగి తలుపేసుకుని ఖాతా తీసేశాడు. ఒక్క ఆజ్ఞ, ఒక్క మీట. జాబితా తెరిచి చూస్తే నలభై ఆరువేల ఫైళ్ల పక్కన నిన్నటిదాకా అక్క పేరున్న చోట నాలుగంకెల సంఖ్య ఒకటి మిగిలింది. మనిషి పోయి నంబరు మిగిలింది. వరస ముట్టుకోలేదు. తను చెప్పనక్కర్లేదు, రేపు సర్వరే చెబుతుంది అనుకున్నాడు. ఎంత తెలివైనవాడినో అని తనని తాను మెచ్చుకున్నాడు కూడా. పిరికివాడికి తెలివి కూడా అలాంటిదే దొరుకుతుంది మరి.

గురువారం ఎనిమిదిన్నరకు కంప్యూటర్లు వెలిగాయి. ఎనిమిదీ ముప్పై నాలుగుకు మొదటి ఫోను. తొమ్మిదయ్యేసరికి అన్ని బల్లల నుంచీ అదే కేక. "ఒరే కేబులూ, ఫోల్డరు తెరుచుకోవట్లేదు!" "నీకు అనుమతి లేదంటోందేంటయ్యా, ముప్పై ఏళ్ల సర్వీసు నాకు!" పెద్ద కెమిస్టు స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. అదే కాలనీ నుంచి కొత్తగా తెచ్చిన నీళ్ల సీసాలు ఇరవై నాలుగు పైన బల్ల మీద ఉన్నాయట. పాత ఫారాలు లేవు, పాత లెక్కలు లేవు, సర్టిఫికెట్టు అచ్చు వెయ్యడానికి ఏమీ లేదు.

"చూస్తున్నాను సార్" అన్నాడు కేబులు. చూడడానికేముంది అక్కడ!

తొమ్మిదిన్నరకు డైరెక్టరే వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదటిసారి. గుమ్మం తలకు తగలకుండా వంగి, ఏసీ గాలికి ఉలిక్కిపడి, నిలబడ్డానికి చోటు వెతుక్కున్నాడు.

"ఎంతసేపు పడుతుందయ్యా?"

రెండు నిమిషాలు, అనాలి. రెండు నిమిషాల పనే. వరసలో ఇంకో పేరు రాసి, ఏదో సాంకేతిక లోపం సార్ అంటే ఈయన వచ్చిన దారినే వెళ్లిపోతాడు. నిన్న ఎంతో తెలివిగా తప్పుకున్న మూడో దారి ఇప్పుడు గుమ్మంలో డైరెక్టరు రూపంలో అడ్డంగా నిలబడింది. సర్వరు తన వంతు చెప్పాల్సింది చెప్పేసింది. దాని భాష తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు ఆ భవనంలో.

"ఆవిడ ఖాతా తీశాను కాబట్టి తెరుచుకోవట్లేదు సార్."

"ఆవిడ ఒక్కర్తి ఖాతా తీస్తే అందరిదీ ఎందుకు ఆగుతుంది?"

"ఎవరు సేవ్ చేసినా ఆవిడ పేరు మీదే పడుతుంది సార్. నాలుగేళ్లుగా. నేనే అలా పెట్టాను."

డైరెక్టరు అర్థం చేసుకోవడానికి కాస్త సమయం తీసుకున్నాడు. మంచి కెమిస్టే ఆయన ఒకప్పుడు. "అంటే... నేను నా గదిలోంచి సేవ్ చేసినా?"

"ఆవిడ పేరే సార్."

"పద" అన్నాడు.

పైన విచారణాధికారి ముందు మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఈసారి 'కానీ' దగ్గర ఆగలేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది. "అయితే ఆ అంకె మార్చింది ఎవరు?"

"తెలీదు మేడమ్. పదకొండు మందిలో ఎవరైనా కావచ్చు. ఆవిడ కూడా కావచ్చు, కాకపోవచ్చు. తెలుసుకోవడానికి దారి లేదు. లేకుండా చేసింది నేనే."

ఎర్రగీత ఉన్న కాగితం ఆవిడ ఫైలులోనే ఉంది. దాన్ని బయటికి తీసి, ఒకసారి చూసి, బోర్లించింది.

"ఈ మాట సోమవారం తెలుసా నీకు?"

 కేబులు బోర్లించిన కాగితం వైపు చూశాడు.

"తెలుసు మేడమ్."

"తెలిసీ ఆ మనిషిని గంటన్నర నా ముందు కూర్చోబెట్టావు." ఇంకేమీ అనలేదు. డైరెక్టరు ఆ లోటు తీర్చాడు, పదిహేను నిమిషాల సేపు, గొంతు చించుకుని. తలుపవతల అందరూ విన్నారు. విని, తమ పేర్లు కూడా ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చాయని అర్థమై, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భోజనాల వేళకు అందరి కుర్చీల మధ్యా ఎడం పెరిగింది.

విచారణాధికారి మూడు మాటలు రాసి సంతకం పెట్టింది. సస్పెన్షను రద్దు. సర్వరు నకలు తీసుకోవడానికి పైఆఫీసు మనిషి వస్తాడు, రేపు ఉదయం దాకా దాంట్లో ఒక్క అక్షరం మారకూడదు. ఇకపైన ఏ ఫైలు మీదైనా బతికున్న, జవాబు చెప్పగల మనిషి పేరే ఉండాలి, 'ఆఫీసు' అనో 'ల్యాబు' అనో ఉత్తుత్తి పేర్లు కుదరవు. "ఇతన్ని ఏం చెయ్యాలో మీ ఇష్టం" అంది డైరెక్టరుతో. డైరెక్టరు కేబులును ఎగాదిగా చూశాడు. తీసేస్తే ఆ పెట్టె నడిపేవాడు లేడు. "ముందు దాన్ని నడిపించు. ఒకటో తారీకు సంగతి ఒకటో తారీకున చూద్దాం" అన్నాడు.

ఆ రోజంతా రిపోర్టులు చేత్తో రాశారు. పెద్ద కెమిస్టు రాసింది పెద్ద కెమిస్టుకే చదవరాలేదు.

శుక్రవారం పదింటికి, నకలు తీసిన మనిషి అలా వెళ్లాడో లేదో తలుపు మీద ఎవరో తట్టారు. ఆ గది తలుపు ఎవరూ తట్టరు, తోసుకొస్తారు. లేచి తీశాడు. టైపక్క. అదే గుడ్డసంచీ భుజాన ఉంది.

"రండక్కా. కూర్చోండి." ఉన్న ఒక్క కుర్చీ జరిపాడు.

కూర్చోలేదు. "డైరెక్టరుగారు చెప్పారు. నాకు సగం అర్థమైంది. మిగతా సగం మీరు చెప్పండి" అంది.

మీరు. ఐదేళ్లలో ఆవిడ నోట ఆ మాట అతను తన గురించి వినలేదు. తిట్టి ఉంటే బావుండేది.

చెప్పాడు. ఆవిడ మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టాడు. అది చెబుతుంటే తనకే సిగ్గేసింది, నీ కోసమే చేశానని దెప్పుతున్నట్టుంది. ఆవిడ నల్లపెట్టె మీద దీపాల వైపు చూస్తూ వింది.

"మంగళవారం నేను మిమ్మల్ని అడిగాను. అలా వస్తుందా ఎక్కడైనా అని."

"అడిగారక్కా."

"బుధవారం కూడా అడిగాను."

అది కూడా ఒప్పుకున్నాడు.

"మా వాడు అడిగాడు" అంది. "నా కొడుకు. నువ్వు చేశావా అమ్మా అని. అడగనీ, తప్పులేదు. లేదురా అన్నాను. రాత్రి అన్నం దగ్గర మళ్లీ అడిగాడు." సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఇప్పుడు వాడికి ఏమని చెప్పాలి? నేను చెయ్యలేదని రుజువైందని చెప్పొచ్చా?"

"లేదక్కా."

"ఎప్పటికైనా అవుతుందా?"

"అవదు. మీరే చేశారనడానికి లేదు. అంతవరకే."

"అంతవరకే" అని ఆ మాటను ఓసారి తనూ అనుకుంది, రుచి చూసినట్టు. పైనుంచి మెట్ల మీద ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు. సీసాలు పేరుకుపోతున్నాయి, రిపోర్టులు కావాలి, అందుకే ఆవిడకు పొద్దున్నే ఫోను చేసి పిలిపించారు. క్షమాపణ కోసం కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"ఎప్పుడు నడుస్తుంది ఇది?"

"సరిగ్గా చెయ్యాలంటే వారం అక్కా. ఎవరి ఫైలు మీద వాళ్ల పేరే పడేలా చేస్తాను. అందరూ దిద్దుకునేలాగానే, కానీ ఎవరు దిద్దారో కనపడేలా. నలభై ఆరువేల ఫైళ్లు మార్చాలి, పదకొండు కంప్యూటర్లు. ఈసారి సగంలో వదలను." తెర వైపు చూశాడు. "ఈలోపల పని జరగాలంటే పాత పద్ధతే. ఏదో ఒక పేరు పెట్టాలి. బతికున్న మనిషి పేరే ఉండాలన్నారు. అందుకే... మీ పేరు మాత్రం పెట్టనక్కా. పెద్ద కెమిస్టుగారిని అడుగుదామనుకుంటున్నాను, లేదా డైరెక్టరుగారినే..."

"ఏ ఫైలులో ఎవరు ఏ తప్పు చేసినా ఈ వారం రోజులూ ఆ మనిషే చేసినట్టుంటుంది. అవునా?"

"అవునక్కా."

"మీ పేరు పెట్టండి" అంది ఆవిడ.

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు, కసి లేదు. బీరువా తాళాలకు చీటీలు కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఏది దేనికో సరిచూసుకుంటున్న మొహం.

కుర్చీలో కూర్చున్నాడు. సెట్టింగులు తెరిచాడు. వరస దగ్గరికి వెళ్లి అక్క పేరు చెరిపాడు. ఆ ఖాళీలో తన పేరు, ఐదేళ్లుగా ఆ ఆఫీసులో ఎవరూ పిలవని పేరు, ఒక్కో అక్షరమే కొట్టాడు. వెనకనుంచి ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఇంకోసారి చూసుకోండి, అంకెలూ అక్షరాలూ తిరగబడతాయి ఒక్కోసారి, అంది. చూసుకున్నాడు. సరిగానే ఉంది. మీట నొక్కాడు. మొన్న తీసేసిన ఆవిడ ఖాతా కూడా మళ్లీ తెరిచాడు.

"పైకి వెళ్తాను. సీసాలు ఆగిపోయున్నాయి" అని ఆవిడ తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

పదకొండు గంటలకు మొదటి రిపోర్టు వచ్చింది. ఇరవై నాలుగు సీసాల్లో ఒకటో సీసా. ఎవరు టైపు చేశారో, సరిగా చేశారో లేదో కింద నుంచి తెలుసుకునే వీలు లేదు. పదకొండున్నర లోపల ఇంకో ఆరు వచ్చాయి. అన్నీ అతని పేరు మీదే.